నూలుతో కోసిన గుడ్డు

మా కోడలు పెరట్లోకి నాటుకోళ్ళు తెచ్చి వదిలిన రోజు నుంచి నా నోటికి పని పెరిగింది. పొద్దున మిగిలిన ఇడ్లీ, మధ్యాహ్నం సాంబారన్నం, సాయంత్రం టీలో ముంచిన బిస్కెట్టు. ఇంట్లో ఏది మిగిలితే అది వాటి ముందుకే. అవి కోళ్ళా, పెళ్ళికొచ్చిన చుట్టాలా అని అడిగాను.

"అయితే మీరే చెప్పండి అత్తమ్మా, ఇంగ ఏం పెట్టేది?" అంది.

కోళ్ళ తిండి గురించి నాకు తెలిసిందంతా మా అవ్వ దగ్గర నేర్చుకున్నదే. ఆ మాట ఎత్తితే అవ్వ దాకా వెళ్ళాలి. అవ్వ దాకా వెళితే ఒక మధ్యాహ్నం దగ్గర ఆగిపోవాలి. "నూకలు వెయ్యి, మిగతాది అవే వెతుక్కుంటాయి" అని లేచి వచ్చేశాను.

ఆ తర్వాత కొద్ది రోజులకే పక్క ఊరు సత్రపట్టిలో కోళ్ళకి టీకాలు వేస్తున్నారంటే, గంపలో కోళ్ళను పెట్టుకుని షేర్ ఆటోలో ఇద్దరం వెళ్ళాం. గంప మూత పట్టుకోవడం నా పని. పశువుల డాక్టరు చిన్నపిల్ల, నా మనవరాలి వయసుంటుంది. టీకా వేస్తుంటే మా కోడలు అడిగింది, వాళ్ళ అన్న జిన్నింగ్ మిల్లు నుంచి ఒక మూట పత్తి గింజలు ఇస్తానన్నాడు, కోళ్ళకి పెట్టవచ్చా అని.

"పరుత్తికొట్టై వేండాం అక్కా" అంది ఆ పిల్ల తమిళంలో, పత్తి గింజలు వద్దని. పత్తి గింజలు తిన్న కోడి గుడ్డు పెట్టిన రోజు బాగానే ఉంటుందట. దాచిపెడితే లోపల రంగు తిరుగుతుందట. పచ్చసొన బురద రంగుకి వస్తుంది, తెల్లసొన ఎర్రటి నీళ్ళు కలిపినట్టు అవుతుంది. పొదగేస్తే పిల్లలు కూడా సరిగ్గా రావు. ఆ గింజలో ఉన్న గుణం అది అని చెప్పింది.

"మంచిదైంది అడిగినా" అంది మా కోడలు. నా చేతిలోంచి మూత జారిపోయింది. రెండు కోళ్ళు బల్లల కిందికి దూరాయి. వాటిని పట్టడానికి అక్కడున్న వాళ్ళంతా పరుగులు పెడుతుంటే నేను మాత్రం కుర్చీలోంచి లేవలేకపోయాను.

మా చిన్నప్పటి ఇల్లు రాజపాళయంలో ఒక జిన్నింగ్ మిల్లు వెనక సందులో ఉండేది. గాలి మళ్ళితే పీచు ఎగిరొచ్చి ఆరేసిన బట్టల మీద, పచ్చడి జాడీ మీద, తాత మీసం మీద వాలేది. గానుగ నూనె వాసన, తడి దూది వాసన, పేడ వాసన కలిసి ఉండేవి. గుమ్మం బయట అందరితో తమిళం, గుమ్మం లోపల తెలుగు. కోళ్ళతో మాత్రం అవ్వ వీధిలోనైనా తెలుగే మాట్లాడేది. పక్కింటి కోళ్ళకి అరవమే తెలుసు, మనవి మన మాట వింటాయి అని ఆమె నమ్మకం.

కోళ్ళ మేత విషయంలో అవ్వకి లెక్కలుండేవి. తెల్లారగానే గూడు తీసి పిడికెడు సజ్జలు చల్లేది, అంతే. కడుపు నిండితే మూల చేరి కునుకుతాయి, నేల తవ్వవు అనేది. తవ్వితేనే వానపాము, తవ్వితేనే పురుగు. పెంటకుప్ప దగ్గర వాటిని ఎవరూ అదిలించకూడదు. ఎండలు ముదిరితే మునగ కొమ్మ ఒకటి తాడుతో వేలాడదీసేది, ఎగిరెగిరి పొడుచుకునేందుకు. గుడ్డు పెంకులు పెనం మీద వేయించి, నలిపి ఇసకలో కలిపేది. పెంకు తిన్న కోడికే పెంకు గట్టిగా వస్తుందట. మధ్యాహ్నం తవుడు కలిపిన గంజి. పొద్దు వాలాక మళ్ళీ ఒక పిడికెడు గింజ, గూటికి తిరిగొచ్చినందుకు లంచం.

పిల్లల్ని లేపిన కోడికి వేరే మర్యాద ఉండేది. దానికి చెదల కుండ పెట్టాలి. ఆ పని నాది. పగిలిన కుండలో గోనె పీలికలు, ఎండు పేడ, జొన్న దంటు కుక్కి, నీళ్ళు చిలకరించి, చెదలు తిరిగే చోట నేల మీద బోర్లించి రావాలి. మర్నాడు పొద్దున కుండ తిప్పితే లోపలంతా తెల్లగా కదులుతూ ఉండేది. తడి గోనె, పేడ, మట్టి కలిసిన ఆ వాసనకి ఇంట్లో వాళ్ళు ముక్కు మూసుకునేవాళ్ళు, నాకు మాత్రం ఆకలేసేది. కుండని దులిపితే తల్లికోడి గొంతు మార్చి పిలిచేది. పిల్లలు ఒకదాని మీద ఒకటి పడుతూ వచ్చేవి.

"కరయాన్ తిన్న పిల్లకి రెక్క తొందరగా వస్తది పాపా. రెక్క వస్తే గద్దకి దొరకదు" అనేది అవ్వ. చెదల్ని మా ఇళ్ళలో అరవ మాటతో కరయాన్ అనే అంటారు.

ఊరికి పెళ్ళికి పిలిచినా కోళ్ళని వదిలి వెళ్ళేది కాదు. "దీని కోడీ కుంపటీ లేకుంటే ఊరికి తెల్లారదు" అని తాత అరుగు మీద నుంచి వినపడేలా అనేవాడు. "నువ్వు తినే గుడ్డు ఆ కోడిదే" అని లోపలి నుంచి జవాబు వచ్చేది. నా వంతు అల్లరి నేనూ చేసేదాన్ని. పక్కింటి పెద్దమ్మ సజ్జలు ఆరబోసిందంటే కంచెలో ముళ్ళకంప కొంచెం పక్కకి జరిపేదాన్ని. మా కోళ్ళు వరసగా వెళ్ళేవి. "మీ కోళ్ళు నా సజ్జలు తిని మీ ఇంట్లో గుడ్లు పెడతాయా, ఇదేం న్యాయం" అని ఆవిడ కంచె దగ్గర నిలబడి అడిగేది. అవ్వ నవ్వుతూ ఒక గుడ్డు చేతిలో పెట్టి పంపేది.

ఉడికిన గుడ్డుని అవ్వ కత్తితో కోసేది కాదు. నాయన మిల్లు నుంచి తెచ్చిన నూలు పోగు ఒకటి గోడ గూట్లో ఉండేది. దాని ఒక కొస పళ్ళతో పట్టి, ఇంకో కొస చేత్తో లాగి, గుడ్డు చుట్టూ తిప్పి బిగించేది. సరిగ్గా రెండు సగాలు. పచ్చసొన చెదరకుండా పసుపు ముద్దలా నిలబడేది. సగం నాకు, సగం అత్తకి.

అత్త అంటే మా నాయన చెల్లెలు. తర్వాత ఆమెని చోళపురంలో ఇచ్చారు. తొలి కాన్పుకి గాజులు వేయించుకుని మా ఇంటికి వచ్చింది. వచ్చినప్పుడు గాజులు మోచేతి దాకా జారిపోయేవి, అంత సన్నబడింది. అవ్వ ఆ చేతుల్ని పట్టుకుని చూసింది. ఆ సాయంత్రం నుంచి ఇంట్లో అందరి ధ్యాస ఒకటే, అత్తకి ఒంట్లో బలం పట్టాలి, కాన్పు సుఖంగా జరగాలి. గుడ్డు సగం చేయడం మానేసింది అవ్వ. ఏ పూట గుడ్డు ఆ పూట మొత్తం అత్తకే. నాకు కోపమొచ్చి అన్నం దగ్గర అలిగితే, "బిడ్డ వచ్చినాక నీకు రెండు ఇస్తా" అంది.

పురుడు వచ్చాక బాలింతకి పెట్టడానికి కొన్ని గుడ్లు వేరే దాచాలి కదా. వాటిని రాగుల కుండలో, గింజల మధ్య పాతిపెట్టేది. చల్లగా ఉంటాయి, చెడవు. ఇంకో కోడిని పొదగేసింది, బాలింతకి పెట్టల పులుసు కావాలని.

అంతకు ముందే, అత్త వచ్చిన కొత్తలో, నాయన ఆవు కోసం మిల్లు నుంచి పత్తి గింజలు తెచ్చాడు. మా ఊళ్ళో పత్తి గింజలంటే బలం. ఆవుకి పెడితే పాలు చిక్కబడతాయి. మనుషులు కూడా గింజల్ని నానబెట్టి, రుబ్బి, పాలు పిండి, బెల్లం, శొంఠి వేసి కాచుకుని తాగుతారు. తాతకి అది సాయంత్రం లేకపోతే కుదరదు. అత్తకి మాత్రం ఆ వాసన పడేది కాదు, దగ్గరికి కూడా రానిచ్చేది కాదు. పాలు పిండాక మిగిలిన పిప్పిని అవ్వ ఎప్పుడూ ఆవు తొట్టిలో వేసేది. ఆ ఏడు కొంత తీసి తవుడులో కలిపి కోళ్ళకి పెట్టడం మొదలుపెట్టింది.

తాత చూసి నవ్వాడు. "కోడికి పత్తి గింజలా? రేపు దాన్ని పితుకుతావా ఏం?"

"ఆవుకి పెడితే పాలల్లో బలం వస్తది. కోడికి పెడితే గుడ్డులో రాదా?" అంది అవ్వ. "నా బిడ్డ చేతులు చూసినావా నువ్వు?"

పత్తి ఊళ్ళో పుట్టి పెరిగిన వాళ్ళు ఎవరైనా ఆమె మాటే నిజమనుకుంటారు. నేనే స్వయంగా పిప్పి ముద్దలు చేసి వేశాను. కోళ్ళు మొదట మొహం తిప్పుకున్నాయి, తర్వాత అలవాటుపడ్డాయి.

పొదిగిన కోడి కింద గుడ్లు చాలావరకు మురిగిపోయాయి. ఒకటో రెండో పిల్లలు వచ్చి, అవీ నిలబడలేదు. నా చెదల కుండకి పని లేకుండా పోయింది. "ఉరుము పడింది, అందుకే" అని అవ్వ సరిపెట్టుకుంది. ఉరిమితే పొదుగు చెడుతుందని మా వైపు అంటారు. అత్త మాత్రం రోజూ ఆ పూట పెట్టిన గుడ్డు తింటూ కొంచెం కళకట్టింది. గాజులు మణికట్టు దగ్గర నిలిచాయి. అవ్వ రోజూ ఆ గాజుల వైపే చూసేది.

నొప్పులు వచ్చింది ఒక మధ్యాహ్నం. మంత్రసాని వచ్చి తలుపు వేసింది. తాత అరుగు మీద చుట్ట వెలిగించకుండా నోట్లో పెట్టుకుని కూర్చున్నాడు. ఎంతసేపటికీ కాన్పు కాలేదు. అవ్వ గదిలోంచి వంటింట్లోకి వచ్చింది. "దానికి ఓపిక తగ్గతా ఉంది. గుడ్డు కొట్టి నల్లెణ్ణెలో ఇస్తా. గిన్నె పట్టుకో పాపా" అంది. నల్లెణ్ణె అంటే నువ్వుల నూనె. నేను కంచు గిన్నె పట్టుకున్నాను. రాగుల కుండలోకి చెయ్యి పెట్టి ఒక గుడ్డు తీసి అంచుకి కొట్టింది.

తెల్లసొన ఎర్రగా జారింది. దాని మధ్య పచ్చసొన చెరువు అడుగు బురద రంగులో ఉంది. వాసన లేదు. కుళ్ళలేదు. అవ్వ ఇంకొకటి కొట్టింది, అదీ అంతే. మూడోది కొట్టడానికి చెయ్యి రాలేదు. గిన్నె నా చేతిలోంచి లాక్కుని పెరట్లోకి వెళ్ళి, బూడిద గుంటలో పోసి, కాలితో మట్టి కప్పింది. తిరిగొచ్చి నా తల మీద చెయ్యి పెట్టింది.

"చూసింది ఎవురికీ చెప్పొద్దు పాపా. నీ అత్తకి అసలు చెప్పొద్దు."

అప్పుడే గదిలో మంత్రసాని గొంతు పెద్దగా వినిపించింది. బిడ్డ గొంతు కోసం అందరం ఎదురుచూశాం. అది రాలేదు. మగబిడ్డ, మెడకి పేగు చుట్టుకుంది అని ఆమె బయటికొచ్చి తాతకి చెప్పింది. తాత చుట్ట నేల మీద పడేశాడు. అవ్వ ఏడవలేదు. పెరటి తలుపు దగ్గర నిలబడి బూడిద గుంట వైపు చూస్తూ ఉండిపోయింది.

అత్తింటివాళ్ళు వచ్చి అత్తని తీసుకువెళ్ళాక అవ్వ కోళ్ళన్నిటినీ గంపలో పెట్టి పక్కింటి పెద్దమ్మకి ఇచ్చేసింది. "నీ సజ్జలు తిన్న కోళ్ళే కదా, నువ్వే ఉంచుకో" అంది. పెద్దమ్మ ఆశ్చర్యపోయింది కానీ కాదనలేదు. కొన్నాళ్ళకి ఆవిడ కంచె దగ్గరికి వచ్చి, "మీ కోళ్ళు మంచి రాశివి. పెట్టిన గుడ్డు పెట్టినట్టు పిల్లై వస్తా ఉంది. దాచిన గుడ్డు కూడా పసుపు ముద్దే" అని సంతోషంగా చెప్పింది. మంచి మాట చెబుతున్నాననే అనుకుంది పాపం. అవ్వ లోపలికి వెళ్ళి నా చెదల కుండని గోడకేసి కొట్టింది.

నాకప్పుడు అర్థం కాలేదు. అర్థమయ్యేసరికి నేనే కడుపుతో ఉన్నాను. పుట్టింటికి వచ్చాను. ఇంట్లో అందరూ ఏదో ఒకటి తెచ్చి పెడుతున్నారు, అవ్వ తప్ప. నన్ను ఎత్తుకుని పెంచిన మనిషి నా కంచం దగ్గరికి రాదు. నీళ్ళు అడిగినా మా అమ్మని పిలిచేది. నాకు రోషమొచ్చి అడిగేశాను, నేనేం పాపం చేశానని.

"నువ్వు కాదు. నా చెయ్యి మంచిది కాదు పాపా" అంది. "ఆ గుడ్లు నువ్వూ చూసినావు కదా. అవే కోళ్ళు పక్కింటికి పోయినాక మంచి గుడ్లు పెట్టినాయి. అంటే చెడింది కోడి కాదు, పెట్టిన చెయ్యి. ఆ చేత్తో దినమూ నా బిడ్డకి పెట్టినా."

పేగు చుట్టుకుందని మంత్రసాని చెప్పింది కదా అన్నాను. వినలేదు. అత్తకి చెప్పనని మళ్ళీ నా చేత ఒట్టు వేయించుకుంది. "దానికి తెలిస్తే, అమ్మే నా బిడ్డని తినింది అనుకుంటది. అది మాత్రం నేను తట్టుకోలేను."

ఆ రంగు నా కళ్ళతో నేను చూసిందే. అవ్వది మూఢనమ్మకం అని నోటితో అన్నాను గానీ, ఆ బురద రంగు ఎందుకు వచ్చిందో చెప్పలేకపోయాను. అవ్వ ఆ చేత్తోనే పేడ ఎత్తింది, పత్తి ఏరింది, తాతకి చివరి నీళ్ళు పోసింది. కడుపుతో ఉన్నవాళ్ళకి, పసిబిడ్డలకి మాత్రం చెయ్యి అందించలేదు. గుడ్డు తినడం కూడా మానేసి, అలాగే వెళ్ళిపోయింది.

సత్రపట్టిలో ఆ డాక్టరు పిల్ల మా కోళ్ళు పట్టుకుని వచ్చాక నేను ఒకటే అడిగాను. అలాంటి కోడి గుడ్డు కడుపుతో ఉన్న మనిషి తింటే బిడ్డ పోతుందా అని. ఆ పిల్ల నవ్వబోయి నా మొహం చూసి ఆగింది. "లేదమ్మా. చూడ్డానికే బాగుండదు, అంతే. దానివల్ల బిడ్డ పోదు. మేత మారిస్తే కొన్నాళ్ళకి ఆ కోడే మంచి గుడ్డు పెడుతుంది" అంది. మేత మారిస్తే. పక్కింట్లో జరిగింది అదే. అక్కడ పిప్పి లేదు, అంతే. ఒక్క మాట. ఆ ఒక్క మాట చెప్పేవాళ్ళు లేక ఒక మనిషి తన చేతుల్ని తానే వెలివేసుకుంది.

మర్నాడు టౌన్ బస్సులో చోళపురం వెళ్ళాను. అత్త వాకిట్లో మంచం మీద కూర్చుని చిక్కుళ్ళు గిల్లుతూ ఉంది. ఇప్పుడు ఆమె వయసు అవ్వ పోయిన వయసుకన్నా ఎక్కువ. ఒట్టు వేసింది నిజమే, కానీ ఆ ఒట్టు దాచమన్నది అవ్వ తప్పుని. తప్పే లేనప్పుడు ఇంక దేన్ని దాచాలి? గింజలు, పిప్పి, రాగుల కుండ, బూడిద గుంట, అన్నీ చెప్పాను. అత్త చేతిలోని చిక్కుడుకాయని గిల్లకుండా పక్కన పెట్టేసింది.

"అయితే అమ్మకి నా మీద వెగటు లేదా?" అంది.

"నీ మీదా? ఏంటికి?"

"తరువాత పుట్టిన పాపని ఎత్తుకొని వచ్చినా కదా. అమ్మ ఒళ్ళో పెట్టబోతే చేతులు వెనక్కి పెట్టుకునింది. తొలి బిడ్డని నిలుపుకోలేదని నా మీద వెగటు అనుకున్నా. దాని తరువాత నేనే రావడం తగ్గించుకున్నా." చీర చెంగు మొహానికి అడ్డం పెట్టుకుంది. "అమ్మ అక్కడ కూర్చొని ఏడిస్తే, నేను ఈడ కూర్చొని ఏడ్చినా పాపా. ఒకరిదొకరికి తెలీకుండా."

ఆమెని పట్టుకుని నేనూ ఏడ్చాను. వాకిట్లో అత్త గిల్లి పారేసిన తొక్కల చుట్టూ కోళ్ళు తిరుగుతున్నాయి.

మా ఇళ్ళలో పోయినవాళ్ళ దినం వస్తే వాళ్ళకి ఇష్టమైనవి వండి ఆకులో పెడతాం. తాత ఆకులో చుట్ట కూడా పెడతాం. అవ్వ ఆకులో మాత్రం ఎన్నడూ గుడ్డు పెట్టలేదు, మానేసిన మనిషి కదా అని. ఈ ఏడు ఆ దినానికి అత్త వచ్చింది. మోకాళ్ళు పట్టుకుని మెట్లెక్కి, కూర్చోకుండానే మా కోడల్ని అడిగింది, మీ కోళ్ళ గుడ్లు దాచినవి ఏమైనా ఉన్నాయా అని. కోడలు ఒకటి ఉడకబెట్టి తెచ్చింది. ఇప్పుడు దాని కోళ్ళు సజ్జలు, మునగాకు, పురుగులు తింటున్నాయి. మొన్న నేనే దానికి చెదల కుండ ఎలా పెట్టాలో నేర్పాను.

"పాపా, నూలు పోగు ఉందా?" అంది అత్త.

పూలు కట్టే దారం ఇచ్చాను. ఒక కొస పళ్ళతో పట్టింది. ఉన్న పళ్ళు తక్కువ, రెండుసార్లు జారింది. మూడోసారి బిగించి లాగింది. రెండు సగాల్నీ పచ్చసొన పైకి కనిపించేలా అరచేతిలో పెట్టుకుని అవ్వ పటం ముందుకి చాపింది.

"చూడమ్మా. పసుపే. నీ చేతికి ఏమీ లేదు."

వినాల్సిన మనిషి లేని ఇంట్లో ఆ మాట విని మా కోడలు వంటింట్లోకి వెళ్ళిపోయింది. అవ్వ బతికుండగా ఎవరో ఒకరు ఈ మాట చెప్పి ఉంటే నా బిడ్డల్ని ఎత్తుకునేది, అత్త బిడ్డల్ని ఎత్తుకునేది, ఇంట్లో మళ్ళీ కోళ్ళు తిరిగేవి.

అత్త ఒక సగం ఆకులో పెట్టింది. రెండో సగం తన నోట్లో పెట్టుకుని, మెల్లగా నమిలి, మింగింది.

"అమ్మ చేతిది తిని ఎన్నాళ్ళయింది పాపా" అంది.